సంఘం పేరు, సభ్యుని నడత
(పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సంవత్సరానికి పరాభవ అని పేరు. అరవై యేండ్లకొకసారి తిరిగి వచ్చే పేరు ఇది. 1966లో వచ్చినది, మరల ఈ 2026లో వచ్చినది. పేరు విని ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదు. పేరు చేదైనంత మాత్రాన యేడంతా చేదు కాబోదు. అయితే పరాభవం అనే మాట చెవిని పడిన రోజున పరువును గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం సమంజసమని మాకు తోచినది. కార్యవర్గం వారు యువజనుల నడవడిని గురించి మాట్లాడమని మమ్ములను కోరినారు. మేము మెట్రిక్ వరకు చదివి రైల్వే పార్శిలు ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనేవారము. ఉపన్యాసాలు మాకు అలవాటు లేదు. చదివినదీ, కంటితో చూసినదీ మాత్రమే చెప్పుకొంటాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

విషయం దాచి ప్రయోజనం లేదు. గడచిన కార్తీక మాసంలో మన కాలనీ కుర్రవాడొకడు గంజాయి సంచితో స్టేషనులో పట్టుబడినాడు. పేరు మనకు అక్కరలేదు. వయస్సు ఇరవై. సంచిలో ఉన్నది రెండు కిలోలు. ఎవరో ఇచ్చిన సంచిని ఇంకెవరికో చేర్చడానికి కొంత డబ్బు ఇస్తామన్నారట. మరునాడు టీ దుకాణం దగ్గర ఎవరూ ఆ కుర్రవాని పేరు చెప్పుకోలేదు. "తెలుగు కాలనీ పిల్లవాడట" అని మాత్రం అనుకొన్నారు. ఆ నెలలోనే మనవారు రెండు కుటుంబాలు బయట అద్దెకు ఇల్లు చూసుకోబోతే, ఇంటివారు ముందు ఇస్తామని చెప్పి తరువాత ఏదో సాకు చెప్పినారు. మన తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు పెట్టె బేడా పట్టుకొని ఈ ఒరియా దేశానికి వచ్చి, మూడు తరాలు కష్టపడి సంపాదించిన పేరు మీద ఒక్క సంచి వచ్చి పడినది.

అందుచేత మనలో కొందరికి కోపం వచ్చినది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడతామని నోటీసు ఇచ్చినారు. మాదకద్రవ్యాల కేసులో పట్టుబడినవాని కుటుంబం పేరును సమాజం పుస్తకంలో నుండి కొట్టివేయాలని ఆ తీర్మానం. ఇచ్చినవారు చెడ్డవారు కారు. సమాజం పరువు కాపాడాలనే వారి ఆరాటం. అయినా చేయెత్తే ముందు, మనవంటి సంఘాలకు ఇదివరలో ఇటువంటి కష్టం వచ్చినప్పుడు ఏమి జరిగినదో తెలుసుకోవడం మంచిది. అందుకు మేము అమెరికా దేశపు కళాశాల సంఘాలను తీసుకొన్నాము. దూరదేశపు సంగతి గనుక సభలో ఎవరికీ నొప్పి తగలదు. మన కాలనీ నుండి వెళ్ళిన పిల్లలు అక్కడ చదువుతున్నారు గనుక బొత్తిగా పరాయి సంగతీ కాదు.

అమెరికాలో విద్యార్థులు కూడి పెట్టుకొనే సోదర సంఘాలు ఉన్నవి. వానిని ఫ్రెటర్నిటీలు అంటారు. గ్రీకు భాషలోని రెండు మూడు అక్షరాలను కలిపి పేరు పెట్టుకొంటారు. గ్రీకు అక్షరాల పేరుతో మొదటి సంఘం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టినది. నేటి సోదర సంఘాల తీరుకు 1825లో న్యూయార్కు రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో మొదలైన కప్పా ఆల్ఫా సంఘాన్ని మూలంగా చెబుతారు. పెద్ద సంఘాలకు దేశమంతటా శాఖలు, వానికి ఒక కేంద్ర కార్యాలయం ఉంటాయి. కేంద్రం అనుమతి పత్రం ఇస్తేనే శాఖ. చాలా శాఖలకు కళాశాల దగ్గర ఒక పెద్ద ఇల్లు ఉంటుంది. చేరేవాడు చందా కడతాడు, ప్రమాణం చేస్తాడు, నాటి నుండి అందరూ అన్నదమ్ములు. ధర్మకార్యాలకు చందాలు పోగుచేస్తారు. ఉద్యోగం వెదుక్కొనే నాడు, అదే సంఘంలో ముప్పదియేండ్ల క్రిందట ఉన్న పెద్దమనిషి చేయి అందిస్తాడు. పరాయి ఊరిలో దిగిన పిల్లవానికి అన్నం, నీడ, నలుగురు మనుష్యులు దొరికే చోటు అది. మన సమాజం కూడా అందుకే పుట్టినది గదా!

ఇటువంటి ఇండ్లలో నిషా వస్తువుల బేరం చేరినప్పుడు ఏమైనదో ఇక వినండి.

1991 మార్చి నెలలో వర్జీనియా విశ్వవిద్యాలయం దగ్గర మూడు సోదర సంఘాల ఇండ్ల మీద ప్రభుత్వాధికారులు దాడి చేసి విద్యార్థులను అరెస్టు చేసినారు. అంతటితో ఆగక ఆ మూడు ఇండ్లనూ స్వాధీనం చేసుకొన్నారు. మాదకద్రవ్యాల అమ్మకానికి ఉపయోగపడిన స్థిరాస్తిని సర్కారు జప్తు చేయవచ్చునని అక్కడి చట్టం. ఆ విశ్వవిద్యాలయం సామాన్యమైనది కాదు. దేశాధ్యక్షుడుగా పనిచేసిన థామస్ జెఫర్సన్ 1819లో స్థాపించినది. అంత పేరున్న చోట, తమకు ముందువారు ఏర్పరచిపోయిన ఇండ్ల గుమ్మంలో సర్కారు మనుష్యులు నిలబడవలసి వచ్చినది.

రెండవది మరింత పెద్దది. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలో 2007 మే నెలలో ఒక విద్యార్థిని కొకెయిను ఎక్కువై చనిపోయినది. విశ్వవిద్యాలయపు పోలీసులు విచారణ మొదలుపెట్టి, తమ వలన కాదని గ్రహించి, కేంద్ర మాదకద్రవ్యాల శాఖ సహాయం కోరినారు. మారువేషపు పోలీసులు విద్యార్థులలో కలిసి తిరిగినారు. విచారణ ఇంకా నడుస్తూ ఉండగానే 2008 ఫిబ్రవరిలో వేరొక కళాశాల విద్యార్థి ఒక సోదర సంఘం ఇంటిలో ప్రాణం విడిచినాడు. 2008 మే 6వ తేదీన అధికారులు మొత్తం 96 మంది అరెస్టయినట్లు ప్రకటించినారు. అందులో 75 మంది విద్యార్థులు. నాలుగు పౌండ్ల కొకెయిను, 50 పౌండ్ల గంజాయి, 350 ఎక్స్‌టసీ బిళ్ళలు, తుపాకులు, 60,000 డాలర్ల రొక్కం దొరికినవి. మన లెక్కలో చెబితే గంజాయి సుమారు 23 కిలోలు.

ఆ కేసులో ఒక సంగతి మమ్ములను ఆలోచింపజేసినది. థీటా కై అనే సంఘం సభ్యుడొకడు తన ఖాతాదారులందరికీ సెల్‌ఫోనులో సందేశం పంపినాడు. రాబోయే వారాంతంలో తామంతా లాస్ వేగాస్ వెళుతున్నామనీ, ఆ రోజులలో అమ్మకం ఉండదనీ, ముందుగా కొనుక్కొనేవారికి ధర తగ్గిస్తామనీ దాని సారాంశం. పండుగకు బట్టల కొట్టు తగ్గింపు అమ్మకం ప్రకటించినట్లున్నది! పట్టుబడిన విద్యార్థులలో ఒకడు చదువుతున్నది నేరాలకు, న్యాయానికి సంబంధించిన శాస్త్రమే. ఇంత బహిరంగంగా జరిగే వర్తకం ఆ ఇంటిలో అన్నం తినేవారికి తెలియకపోవునా? కొన్ని ఇండ్లలో ఈ అమ్మకం సంగతి చాలామంది సభ్యులకు తెలిసే ఉన్నదని అధికారులే చెప్పినారు. ఆరు సోదర సంఘాలను విశ్వవిద్యాలయం సస్పెండు చేసినది.

మూడవది న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయం. 2010 డిసెంబరులో అయిదుగురు విద్యార్థులను పట్టుకొన్నారు. మారువేషపు పోలీసులు సుమారు అయిదు నెలలలో 31 సార్లు, మొత్తం దాదాపు 11,000 డాలర్ల సరుకు కొని ఋజువు సంపాదించినారు. ఈ కేసులో మూడు సోదర సంఘాల పేర్లు పత్రికలకెక్కినవి. తరువాత యేడు ఆ మూడు సంఘాలూ విశ్వవిద్యాలయం తమకిచ్చిన ఇండ్లను పోగొట్టుకొన్నవి. పట్టుబడినవారు అయిదుగురు. ఇల్లు పోయినది మాత్రం ఎందరికో!

నాలుగవది ఇటీవలిది. 2020 డిసెంబరులో నార్త్ కరోలినా రాష్ట్రంలో 21 మందిపై కేంద్ర న్యాయాధికారులు నేరం మోపినారు. ఛాపెల్ హిల్‌లోని మూడు సోదర సంఘాల ఇండ్ల చుట్టూ 2017 నుండి 2020 వరకు సాగిన వర్తకం అది. వెయ్యి పౌండ్లకు మించిన గంజాయి, కొన్ని వందల కిలోల కొకెయిను చేతులు మారినవని, 15 లక్షల డాలర్లకు పైగా డబ్బు వచ్చినదని అధికారులు చెప్పినారు. మూడేండ్లు! ఒక పిల్లవాడు చేరి, పెద్దవాడై, పట్టా పుచ్చుకొని పోవడానికి నాలుగేండ్లు. అంటే దాదాపు ఒక తరం విద్యార్థులు ఆ బేరం మధ్య పెరిగినారన్నమాట.

అరెస్టయినవారికి కోర్టులు ఉన్నవి, న్యాయవాదులు ఉన్నారు. ఎవరి నేరానికి తగిన శిక్ష వారు అనుభవిస్తారు. సంఘానికి కోర్టు లేదు. దాని మీద తీర్పు ఊరివారు చెబుతారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

దీనికి కారణం ఆలోచించినాము. రైలులో ఒక్క పెట్టె పట్టాలు తప్పినా పత్రికవారు వ్రాసేది బండి పేరే. ఏ నంబరు పెట్టె, ఎవరు తయారుచేసినారు, ఏ చక్రం అనేది విచారణ చేసేవారికి కావాలి గాని చదివేవారికి అక్కరలేదు. అట్లే ఆ గ్రీకు అక్షరాలు పత్రికలో ఒకసారి పడితే, అదే పేరుగల శాఖ వెయ్యి మైళ్ళ దూరాన ఏ పాపం ఎరుగకుండా ఉన్నా, అక్కడి పిల్లవానిని కూడా జనం అనుమానంగా చూస్తారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోనివారు కూడా తడుముకోవలసి వస్తుంది.

తరువాత జరిగేది లెక్కల సంగతి. మేము గుమాస్తాలం గనుక అది మాకు సులభంగా బోధపడినది. సంఘాన్ని సస్పెండు చేస్తే కొత్తవారిని చేర్చుకొనే వీలు లేదు. పాతవారు యేటేటా చదువు ముగించి వెళ్ళిపోతారు. నాలుగేండ్లు కొత్తవారు రాకపోతే ఇంటిలో మిగిలేవారు ఉండరు. చందా లేదు, ఇంటి ఖర్చు మాత్రం ఉన్నది. పూర్వ విద్యార్థులు విరాళం ఇవ్వడానికి వెనుకాడుతారు. కన్న పిల్లవానిని అటువంటి ఇంటిలో చేర్చడానికి ఏ తండ్రి ఒప్పుకొంటాడు? ఏ తప్పూ చేయని కుర్రవాడు ఉద్యోగపు దరఖాస్తులో సంఘం పేరు వ్రాయడానికి జంకుతాడు. ఒకప్పుడు చేయి అందించిన పేరే ఇప్పుడు కాలికి అడ్డం వస్తుంది. తిలాపాపం తలా పిడికెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ మీరు అడగవచ్చు. అయితే తప్పు చేసినవానిని వెంటనే కొట్టివేస్తే సంఘం బయటపడుతుంది గదా అని. ఆ సంఘాలవారికి కూడా ఆ ఉపాయం తెలియనిది కాదు. పట్టుబడినవానిని తొలగించడమూ, శాఖను ఆపివేయడమూ వారి నియమాలలోనే ఉన్నది. కాని అరెస్టు తరువాత చేసే తొలగింపు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడమే. లోకం వారిని "మీరు వానిని తొలగించినారా?" అని అడగదు. "మీకు ఎప్పటి నుండి తెలుసు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు సభ్యత్వపు పుస్తకంలో పేరు మీద గీత కొట్టి చూపితే సమాధానం కాదు. అందుచేత మేము గ్రహించినదేమనగా, సంఘం పరువు అరెస్టు నాడు పోలేదు. తెలిసినవాడు తెలియనట్లు పక్కకు తిరిగిన నాడే పోయినది. అరెస్టు నాడు ఆ సంగతి ఊరికి తెలిసినది, అంతే.

రైల్వేలో ఉన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బండిలో సీటు క్రింద సంచి దొరుకుతుంది. రైల్వే రక్షక దళం వారు విప్పి చూస్తే గంజాయి. ఎవరిదయ్యా అంటే ఎవరూ పలకరు. పెట్టెలో అంతమంది ఉంటారు. సంచి తనంతట తాను నడచి వచ్చి సీటు క్రింద దూరదు. పెట్టినవానిని చూసినవాడు ఒకడైనా ఉంటాడు. మనకెందుకని కిటికీలోనుంచి పొలాలు చూస్తూ ఉంటాడు. మల్కన్‌గిరి, కొరాపుట్, విశాఖ మన్యం వైపు నుండి వచ్చే సరుకుకు మన తూర్పు తీరపు రైలు మార్గం ఒక దారి అయినది. 2019 నుండి రైల్వే రక్షక దళం వారికే మాదకద్రవ్యాల చట్టం క్రింద సోదా చేసే, అరెస్టు చేసే అధికారం ఇచ్చినారు. చట్టం గట్టిదే. అయినా చూసినవాడు నోరు విప్పనంత కాలం సంచులు వస్తూనే ఉంటాయి.

శాన్ డియేగో కథలో మెచ్చుకోదగిన పని కూడా ఒకటి ఉన్నది. పోలీసులను పిలిచినది విశ్వవిద్యాలయం వారే. పిలిస్తే తమ పేరు దేశమంతటా పత్రికలలో చెడ్డగా వస్తుందని వారికి తెలియదా? తెలుసు. అయినా ఇంకొక బిడ్డ చావకూడదని పిలిచినారు. కొన్నాళ్ళు నిందలు పడినారు. అరెస్టయినవారందరి నేరం ఒక్కటి కాదనీ, చిన్నవారినీ పెద్దవారినీ కలిపి లెక్క చూపినారనీ కూడా కొందరు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణ సంగతి ఎట్లున్నా, ఆ విద్యాలయం నేటికీ పేరుతోనే నడుస్తున్నది. చెడ్డ వార్త తానే బయటపెట్టినవాడు కొంతకాలం తల వంచుకొంటాడు. దాచినవాడు ఎన్నటికీ ఎత్తలేడు.

మౌనం పరువును మాత్రమే కాదు, ప్రాణాన్ని కూడా తీస్తుంది. మత్తు ఎక్కువై పడిపోయిన స్నేహితుని ఆసుపత్రికి తీసుకొనిపోతే మమ్ములనూ పట్టుకొంటారేమోనని జంకి, గదిలో పడుకోబెట్టి తలుపు మూస్తారు. తెల్లవారేసరికి ఏమున్నది? ఈ భయం పోగొట్టడానికి కాలిఫోర్నియాలో 2013 జనవరి నుండి ఒక చట్టం అమలులోకి వచ్చినది. ప్రాణాపాయంలో ఉన్నవాని కొరకు సహాయం పిలిచినవానిని, తన దగ్గర కొద్దిగా ఉన్నదన్న కారణాన శిక్షించరు. ముందు ప్రాణం, తరువాత విచారణ అనే ధర్మం అది.

ఇక మన పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో గంజాయి పెద్దలకు చట్టసమ్మతం. అక్కడ 2016లో ప్రజలు వోటు వేసి ఒప్పుకొన్నారు. పిల్లవాడు ఆ మాట మీకు చెప్పి, ఇది తప్పు కాదనవచ్చు. కాని దేశపు కేంద్ర చట్టంలో అది నియంత్రిత ద్రవ్యమే. వీసాల సంగతి చూసేది కేంద్ర చట్టం. విదేశీయుడు మాదకద్రవ్యాల నేరంలో దోషిగా తేలితే దేశం నుండి పంపివేయవచ్చు. తన వాడకానికి 30 గ్రాములు లేక అంతకు తక్కువ గంజాయి ఒక్కసారి దగ్గర ఉంచుకొన్న నేరానికి మాత్రం అక్కడి చట్టం ఆ విషయంలో మినహాయింపు ఇచ్చినది. తిరిగి వీసా కావాలన్ననాడు అది కూడా చిక్కులు తేవచ్చు. అక్కడి కుర్రవానికి ఒక సెమిస్టరు పోతుంది. మన కుర్రవానికి చదువు, అప్పు చేసి కట్టిన ఫీజు, తిరిగి వెళ్ళే దారి కూడా పోవచ్చు. తోటివారు పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళేముందు ఆ ఇంటి పేరు ఎట్లాంటిదో కనుక్కోమని చెప్పండి.

మన దేశంలో చట్టం 1985 నాటిది. గంజాయి ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం. స్వల్పమైతే ఒక యేడు వరకు, వ్యాపార పరిమాణమైతే పదేండ్లకు తక్కువ కాకుండా ఇరవై యేండ్ల వరకు కఠిన శిక్ష. నడుమ ఉన్నదానికి పదేండ్ల వరకు పడవచ్చు. మన కుర్రవాని రెండు కిలోలు ఆ నడుమలోకి వస్తుంది. కూలి డబ్బుకు ఆశపడి సంచి పట్టుకొనే ప్రతి పిల్లవానికీ ఈ లెక్క తెలియాలి.

అదే చట్టంలో సంఘాలకు సంబంధించిన మాట ఒకటి ఉన్నది. 25వ సెక్షను ప్రకారం ఒక ఇంటిని, గదిని తన అధీనంలో ఉంచుకొన్నవాడు, అక్కడ ఈ నేరం జరగడానికి తెలిసి అనుమతిస్తే వానికీ శిక్ష ఉన్నది. మన సమాజం హాలుకు, చదువుల గదికి తాళం ఎవరి దగ్గర ఉన్నదో వారు ఈ సెక్షను ఒకసారి చదవాలి. సాయంకాలం ఆ గదిలో క్యారమ్సు ఆడేవారెవరు, పది దాటినా దీపం ఎందుకు వెలుగుతున్నది, ఉద్యోగం లేని పిల్లవాని చేతికి కొత్త ఫోను ఎట్లా వచ్చినదని అడిగే పెద్ద దిక్కు ఒకరుండాలి. అడిగేవాడున్న ఇంటికి దొంగసరుకు రావడానికి జంకుతుంది.

మరొక సెక్షను 64ఎ. నిషాకు బానిసైనవాడు స్వల్ప పరిమాణపు కేసులో గాని, వాడిన కేసులో గాని ఉండి, తానై ముందుకు వచ్చి ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్స పొందితే, అతనిపై ప్రాసిక్యూషను ఉండదు. చికిత్స మధ్యలో మానివేస్తే ఆ రక్షణ పోవచ్చు. అంటే చట్టమే అమ్మేవానినీ, జబ్బుపడినవానినీ వేరుచేసి చూస్తున్నది. మన తీర్మానం ఇద్దరినీ, ఇంటిలో ఉన్న తల్లినీ చెల్లెలినీ కూడా ఒక్క గీతతో కొట్టివేస్తున్నది. చట్టం కంటె మనం కఠినులం కావలెనా?

ఆ తీర్మానం నెగ్గితే ఏమవుతుందో ఊహించండి. రేపు ఇంకొక ఇంటిలో తండ్రి తన కొడుకు జేబులో ఏదో చూస్తాడు. సమాజానికి చెబితే కుటుంబం పేరు పోతుంది. కూతురికి సంబంధం రాదు. అందుచేత నోరు మూసుకొంటాడు. మనం పరువు కొరకు చేసిన నియమం మౌనానికి కూలి ఇచ్చినట్లవుతుంది. అమెరికాలోని ఆ ఇండ్లను కూల్చినది ఆ మౌనమే గదా! పట్టుబడిన మన కుర్రవాని తల్లి ఈ రోజు సభకు రాలేదు. ప్రతి యేడూ ఈ హాలులో ఉగాది పచ్చడి కలిపే చేయి ఆమెది. ఈ యేడు పచ్చడి కలిపినవారు బాగానే కలిపినారు. అయినా ఆ వంట గది గుమ్మం దగ్గర లోటు మనందరికీ కనబడినది. సంచి మోసినది ఆమె కాదు.

కావున తీర్మానానికి బదులుగా మేము కొన్ని మాటలు సభ ముందు ఉంచుతున్నాము.

మొదటిది, సమాజం ఆవరణలో నిషా వస్తువు అమ్మినా, దాచినా మొగమాటం లేదు. పోలీసులకు చెప్పవలసినదే. అమ్మినవాడు కోర్టులో దోషిగా తేలితే ఆ మనిషి సభ్యత్వం పోవాలి. అతని కుటుంబం సభ్యత్వానికి భంగం రాకూడదు.

రెండవది, చదువుల గదిలో ప్రతి సాయంకాలం ఇద్దరు పెద్దలు వంతులవారీగా కూర్చోవాలి. నిఘా కొరకని అనుకోవద్దు. పిల్లలతో పేపరు చదవండి, ఒక ఆట ఆడండి, పరీక్ష దరఖాస్తులు నింపిపెట్టండి. ఉద్యోగానికి తిరిగి తిరిగి విసిగిన పిల్లవానికి చెప్పుకొనే మనిషి కనబడితే, సంచి ఇచ్చే మనిషి కొరకు వెదకడు.

మూడవది, కాలనీలో ఏ తల్లికైనా తండ్రికైనా అనుమానం కలిగితే చెప్పుకోవడానికి ఇద్దరిని ఎన్నుకోవాలి. అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. విన్నమాట వారి కడుపులో ఉండాలి. చికిత్సకు దారి చూపే ప్రభుత్వపు ఫోను నంబరు 14446. మాదకద్రవ్యాల వర్తకాన్ని గురించి తెలియజేయడానికి నంబరు 1933. ఈ రెండూ పెద్ద అక్షరాలతో వ్రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నాలుగవది, ఉగాది చందాలో కొంత భాగం తీసి వేరుగా ఉంచి, చికిత్సకు వెళ్ళే పిల్లవాని దారి ఖర్చుకు ఇవ్వాలి. మైకు సెట్టుకు ఇంత ఖర్చు పెట్టే మనకు ఇది భారం కాదు.

అయిదవది యువజనులకు. నాయనలారా, స్నేహితుని పట్టించడం ద్రోహమని మీరు అనుకొంటారు. వాడు సంచి పట్టుకొన్న మొదటి నాడే "వద్దురా" అని చేయి పట్టుకొని ఆపి, వినకపోతే వాని అన్నకో తండ్రికో చెప్పడం ద్రోహమా? మూడు నెలలు చూసి ఊరుకొని, పోలీసులు వచ్చిన నాడు మాకు తెలియదని చేతులు దులుపుకోవడం ద్రోహమా? అన్నదమ్ములమని ప్రమాణం చేసుకొన్న ఆ ఇండ్లలో ఎవరైనా ఒకరు మొదటి నాడు అడ్డం నిలిచి ఉంటే, వెనుకటివారు ఇచ్చిన ఇల్లు నిలిచి ఉండేది. ఒక తల్లికి బిడ్డ కూడా మిగిలి ఉండునేమో.

ఊరివారు మనలను ఒక్క పేరుతో పిలుస్తారు. తెలుగువారు అంటారు. మంచి చేసినా అదే పేరు, చెడు చేసినా అదే పేరు. స్టేషనులో నిజాయితీగా పనిచేసిన మన తాతలు ఒక్కొక్కరు తెచ్చిన మంచి మనందరికీ దక్కినది. మంచి పంచుకొన్నప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. కష్టం వచ్చిన నాడు ఒక్క ఇంటిని విడదీసి ఇది మాది కాదంటే చెల్లదు.

కార్యవర్గం వారు ఈ అయిదు మాటలను తీర్మానంతో పాటు సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలసినదిగా కోరుతున్నాము. ఈ లోపల, ఈ సాయంకాలం ఇండ్లకు వెళ్ళేటప్పుడు మన స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి ఆ తల్లి ఇంటికి ఇంత పచ్చడి పట్టుకొనిపోయి ఇచ్చి రావలసినదిగా మా ప్రార్థన.

 పరాభవ నామ సంవత్సరంలో పరాభవం పేరులోనే నిలిచి, మన ఇండ్లలో ఆయురారోగ్యాలు వెల్లివిరియుగాక. సెలవు.